మారిషస్‌లో పాపకి తెలుగా, క్రియోలా? ఎవరైనా చెప్పండి

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. మావారు మారిషస్ తెలుగువాళ్లు. పెళ్లయ్యాక ఇక్కడికే వచ్చేశాను. పాప జనవరిలో ఒకటో తరగతిలో చేరుతుంది. ఇంగ్లీషు, ఫ్రెంచి ఎలాగూ తప్పవు. వాటితోపాటు తెలుగులాంటి ఇంకో భాష ఎంచుకోవచ్చు. 2012 నుంచి ఆ వరసలో క్రియోల్ (ఫ్రెంచి నుంచి పుట్టిన ఇక్కడి వాడుక భాష) కూడా చేరింది. రెండూ కావాలంటే కుదరదన్నారు. అక్కడే వచ్చింది టెన్షన్.

మా అత్తగారిది ఒకటే మాట, తెలుగు. నిజానికి ఆవిడకి తెలుగు మాట్లాడటం రాదు. రామభజనం రోజు మాత్రం దీపం చుట్టూ తిరుగుతూ తెల్లవార్లూ పాడతారు, అర్థం అడిగితే నవ్వేస్తారు. పక్కకి పాప చెప్పులతో వచ్చిందంటే తిట్టేది క్రియోల్‌లోనే! మావారేమో, వీధిలో అందరూ మాట్లాడే భాష బడిలో చదివితే తప్పేంటంటారు. పార్లమెంటులోనూ క్రియోల్ రావాలని ఇక్కడ వాదన ఎప్పటినుంచో ఉంది. అది రాజకీయం అనుకున్నాను, మా వంటింట్లోకే వచ్చింది.

నాకు తెలుగు వైపే మొగ్గు. కానీ ఉగాదికి దేశమంతా సెలవిచ్చినా, బడి దాటాక పిల్లలు ఆ భాష ఎవరితో మాట్లాడతారు?

ఇక్కడ బడిలో తెలుగు చదివినవాళ్లు ఉంటే చెప్పండి: ఆరేళ్లు చదివాక మాట్లాడటం వచ్చిందా, పద్యాలు అప్పజెప్పడంతోనే ఆగిపోయిందా? ఇంట్లో నేనే నేర్పి, బడిలో క్రియోల్ పెట్టించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?