రాత్రిపూట ఆపుకోలేక తినడం: నోరు కట్టుకోలేకనా, మనసు బాగోలేకనా?

కృష్ణాతీరం: మా ఆఫీసుకొచ్చిన ఒక కౌన్సెలర్, బరువు ఎక్కువున్న వాళ్లలో కొందరిది తిండి యావ కాదు, 'బింజ్ ఈటింగ్ డిజార్డర్' అనే మానసిక సమస్య అన్నారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే డాక్టర్లు మానసిక జబ్బులు గుర్తించడానికి వాడే పుస్తకంలో, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దాన్ని విడి జబ్బుగా చేర్చిందట. విన్నవాళ్లలో సగం మంది నవ్వేశారు. మీరేమంటారు?

శ్రమజీవి_62: తిండికి కూడా జబ్బు పేరు పెడితే ఎలా? నేను 94 కిలోల నుంచి 71కి వచ్చాను. రాత్రి అన్నం మానేసి పొద్దున్నే నడిచాను, అంతే. నోరు కట్టుకోవాలి.

చిరుధాన్యం: తప్పంతా పాలిష్ పట్టిన బియ్యానిది. కొర్రలు, అరికెలు తినండి.

వెన్నెల_కాకినాడ: శ్రమజీవి గారూ, పెళ్లిలో రెండు పూతరేకులు ఎక్కువ తినడం వేరు, ఇది వేరు. మా ఇంట్లో అందరూ పడుకున్నాక, వంటింట్లో లైటు వేయకుండా, ఫ్రిజ్ తలుపు తెరిచి ఆ వెలుతురులోనే తినేదాన్ని. మధ్యాహ్నం మిగిలిన పులిహోర, చల్లబడి గట్టిపడిపోయింది, గిన్నెతోనే. అదయ్యాక బిస్కెట్లు, తర్వాత పిల్లలకని తెచ్చిన కాజాలు. రుచి కూడా తెలియదు. కడుపు నొప్పెడుతున్నా చెయ్యి ఆగదు. ఆ తర్వాత గిన్నె కడిగి బోర్లించి, కవర్లు చెత్తబుట్ట అడుక్కి నొక్కేసేదాన్ని. డాక్టరు అడిగినవీ ఇవే: ఆకలి లేకపోయినా తింటున్నారా, గబగబా తింటున్నారా, ఎవరూ చూడకుండా తింటున్నారా, తర్వాత మీ మీద మీకే అసహ్యం వేస్తోందా, వారానికి ఒక్కసారైనా, మూడు నెలల నుంచీ ఇలా ఉందా అని.

శ్రమజీవి_62: ఆకలి లేకుండా మనిషి ఎలా తింటాడండీ? ఈ ఒక్కటి చెప్పండి. పగలు సరిగ్గా తిని ఉండరు.

వెన్నెల_కాకినాడ: తినను. కంచంలో రెండోసారి పెట్టుకోబోతే "ఇంకానా?" అంటారు మా ఇంట్లో. ఆ మాట పడలేక లేచిపోతాను.

మెడికో_కర్నూలు: శ్రమజీవి గారు ఆకలి దగ్గరే ఆగారు కాబట్టి ఇది చెప్తాను. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు నెలలు దాదాపు సగం తిండి మీద ఉంచారు. ఆంక్షలు తీసేశాక వాళ్లలో కొందరు ఒళ్లు పాడయ్యేదాకా తిన్నారు, అయినా తృప్తి లేదన్నారు. వాళ్లు యుద్ధంలో ఆయుధం పట్టబోమని మొండికేసి నిలబడిన మనుషులు, పట్టుదల లేదనడానికి వీల్లేదు. కఠినమైన డైట్ ఒక కారణం. అవమానం, డిప్రెషన్, టెన్షన్ ఇంకో దారి: తింటున్న కాసేపూ బాధ గుర్తుండదు, తర్వాత సిగ్గు, ఆ సిగ్గుతో మళ్లీ పస్తు. లావున్న వాళ్లందరికీ ఇది ఉండదు. ఇది ఉన్నవాళ్లంతా లావుగానూ ఉండరు.

చిరుధాన్యం: అక్కడ పెట్టింది బంగాళదుంపలు, బ్రెడ్డు. తృప్తి ఎక్కడిది?

శ్రమజీవి_62: అన్నిటికీ మనసే కారణమంటే బాధ్యత ఎవరిది? మా ఇంట్లోనే చూస్తున్నాను. మా అమ్మాయికి 26 ఏళ్లు. ఉద్యోగం పోయి ఇంటికొచ్చింది. మంచం కింద చిప్స్ కవర్లు. అడిగితే "టెన్షన్ నాన్నా" అంటుంది. చివరికి ఫ్రిజ్‌కి తాళం వేయించాను.

వెన్నెల_కాకినాడ: తాళమా? అంత పెద్దపిల్లకి తిండి దగ్గర తాళం వేస్తారా? మా అత్తగారు కూడా స్టోర్ రూమ్ తాళంచెవి బొడ్లో దోపుకునేవారు. నేను దాచుకుని తినడం అప్పుడే మొదలుపెట్టాను. మీ అమ్మాయీ అంతే, మీ ఎదుట తినదు, బయట తింటుంది.

శ్రమజీవి_62: నన్ను మీ అత్తగారితో పోల్చకండి. అది నా కూతురు! షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. మా అన్నకి షుగర్ ముదిరి కాలు తీసేస్తే ఆసుపత్రిలో పక్కనున్నది నేను. మీరేమో పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమంటారు. రేపు సంబంధాల వాళ్లు అడిగితే ఏం చెప్పాలి?

కృష్ణాతీరం: కాస్త నిదానంగా మాట్లాడుకుందాం.

మెడికో_కర్నూలు: సంబంధాల కోసం వైద్యం ఆపుతారా సార్? దీనికి మందుల కన్నా ముందు చేసేది సీబీటీ, అంటే కూర్చోబెట్టి మాట్లాడి చేసే వైద్యం. వేళకు మూడు పూటలా తినమంటారు. ఏం తిన్నారో, తినబోయే ముందు ఏమనిపించిందో రాసుకోమంటారు. ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

శ్రమజీవి_62: బరువు తగ్గాల్సిన పిల్లని మూడు పూటలా తినమనాలా?

వెన్నెల_కాకినాడ: అవును, మీ పక్కనే కూర్చుని, మీరు ఒక్క మాటా అనకుండా. నా బరువు పెద్దగా తగ్గలేదు. రాత్రుళ్లు తినడం మాత్రం చాలావరకు పోయింది. నాకు అదే ముఖ్యం.

శ్రమజీవి_62: బరువు తగ్గనప్పుడు అదేం వైద్యమండీ? నాకు దాని షుగర్ ముఖ్యం. డాక్టరు దగ్గరికి వస్తానంటే తాళం తీస్తాను.

వెన్నెల_కాకినాడ: షరతు పెడితే రాదు. ముందు తాళం తీయండి. ఆ ఫోన్ కూడా ముందు మీరే చేయండి, ఇంట్లోవాళ్లు కూడా మాట్లాడొచ్చు.