పార్టీ ముద్రతో తెగిన స్నేహాన్ని తిరిగి ఎలా కలపాలి?

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 151 స్థానాలు గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ 2024లో 11కు పడిపోయి, తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి 164 గెలుచుకుందంటే, ఐదేళ్లలో లక్షలాది మంది తమ ఓటు మార్చుకున్నట్లే. పంచాయతీ ఎన్నికలైతే పార్టీ గుర్తులు లేకుండానే జరుగుతాయి. అయినా మా గ్రామంలో ఫలానా ఇల్లు ఫలానా పార్టీదన్న ముద్ర చెరగడం లేదు. శుభలేఖలు ఎవరికి పంచాలో, ట్రాక్టరు ఎవరికి అద్దెకివ్వాలో కూడా ఆ ముద్రే నిర్ణయిస్తోంది. కష్టకాలంలో అప్పిచ్చి ఆదుకున్న పొరుగింటాయనతో మా పెదనాన్నగారు ఈ కారణంగానే మాటలు మానేయడం నన్నెంతో బాధిస్తోంది. రాజకీయ చర్చకు దిగకుండా, వారి పెద్దరికానికి భంగం కలగకుండా ఇద్దరినీ మళ్లీ కలపడానికి ఏం చేయాలో, ఇలాంటి పరిస్థితిని చక్కదిద్దినవారు దయచేసి చెప్పగలరా? ముఖ్యంగా, మొదటి మాట ఎవరి ద్వారా వెళ్తే మంచిది?