అవస్థ అభ్యంగనం మరణశయ్య మీద ఉన్నవారికి మాత్రమేనా?

నేను సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అనే ప్రొటెస్టంటు సంఘంలో పెరిగినదాన్ని, అత్తవారిది కథోలిక కుటుంబం. వచ్చే వారం గుండె శస్త్రచికిత్సకు వెళ్లనున్న మా అత్తగారు, ముందుగా గురువుగారిని (చర్చి ఫాదర్‌ను) పిలిపించి అవస్థ అభ్యంగనం, అంటే రోగులకు తైలం పూసి ప్రార్థించే కథోలిక సంస్కారం, ఇప్పించమని కోరుతున్నారు. ఆ మాట వినగానే మా వారు, అది చివరి ఘడియల్లో ఇచ్చేది కదా అని బెదిరిపోయారు.

నేను చదివినంతలో, 1972లో ఆరవ పౌలు పోపుగారు సవరించిన క్రమం ప్రకారం నొసటి మీద, అరచేతుల మీద తైలం పూస్తారనీ, తీవ్రమైన జబ్బు చేసినవారెవరైనా దీన్ని పొందవచ్చనీ, వ్యాధి ముదిరితే మళ్లీ పొందవచ్చనీ తెలిసింది. మరి పాత భయం ఇంకా ఎందుకు పోలేదు?

నా అసలు సందేహం వేరు. మా సంఘంలో బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం అనే రెండింటినే సంస్కారాలుగా ఎంచుతాము. అయినా యాకోబు పత్రిక 5:14ను బట్టి మా పాస్టరుగారు కూడా రోగులకు నూనె రాసి ప్రార్థిస్తారు. అదే వాక్యాన్ని ఆధారం చేసుకొని కథోలికులు దీన్ని ఏడు సంస్కారాలలో ఒకటిగా ఎందుకు లెక్కిస్తారు? క్రీస్తు అనే మాటకే అభిషిక్తుడని అర్థం గనుక ‘అభిషేకం’ నాకు పరిచయమే. ‘అభ్యంగనం’ అంటే మాత్రం పండుగనాటి తలంటే గుర్తుకొస్తుంది.

ఈ సంస్కారం స్వస్థత కోసమా, పాపక్షమాపణ కోసమా, లేక రెండింటి కోసమా? ఆ సమయంలో నేను పక్కన నిలబడి ప్రార్థనలో పాలుపొందవచ్చా? తెలిసిన పెద్దలు దయచేసి వివరించగలరు.