లక్షలు పోసి అచ్చేసే టూరిజం గైడ్లు ఎవరి కోసం? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు చెప్పండి

నాగావళి ఒడ్డు:

మా టౌన్లో మళ్లీ ఒక "పర్యాటక, వ్యాపార మార్గదర్శి" వేస్తారట. ఆర్ట్ పేపరు, మల్టీకలర్. సగం పేజీలు గుళ్లూ బీచ్‌లూ, సగం పేజీలు దుకాణాల ప్రకటనలు. కొంత ప్రభుత్వ డబ్బు, మిగతాది వ్యాపారుల నుంచి. నాకు శ్రీకాకుళంలో చిన్న లాడ్జి ఉంది. ప్రకటన అడగడానికి వచ్చినవాళ్లు రసీదు పుస్తకం తీసి "హాఫ్ పేజీ రాసేయమంటారా, ఫుల్ పేజీయా" అన్నారు. వద్దనే మాటకి చోటే లేదు.

నా ఉద్దేశం ఇది శుద్ధ దండగ. పోయినసారి వేసిన పుస్తకం నా టేబుల్ మీదే ఉంది. అరసవల్లి పేజీ తీస్తే సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతున్నట్టు పెద్ద బొమ్మ. అది జరిగేది మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబరు 1, 2 తేదీల్లోనూ. అదీ తెల్లవారాక కొద్ది నిమిషాలు, మబ్బు పట్టకపోతేనే. ఆ ముక్క రాయలేదు. "నిత్యం భక్తులతో కళకళలాడే" అని మాత్రం ఉంది. శ్రీముఖలింగానికి ఆరు లైన్లు ఇచ్చారు, బస్సు ఎక్కడ ఎక్కాలో లేదు. ఎదురు పేజీలో బట్టల షాపు ప్రకటనకి మాత్రం మూడు ఫోన్ నంబర్లు, "పార్కింగ్ సదుపాయం కలదు" అని కూడా.

రైలు దిగేవాళ్లకి ముందు తెలియాల్సింది, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉందని. అక్కడి నుంచి బస్సో ఆటోనో పట్టుకుని రావాలి. ఆ సంగతి తెలియక రాత్రిపూట స్టేషన్ బయట నిలబడి "మీ లాడ్జి కనబడటం లేదండీ" అని నాకు ఫోన్ చేస్తారు. పుస్తకంలో "రైలు మార్గం: శ్రీకాకుళం రోడ్" అని ఒక లైను. అయిపోయింది.

ఈ డబ్బు ఇలా పోయాలా? మీరేమంటారు?

గార మాస్టారు:

బాబూ, మీ కోపం న్యాయమే. కానీ ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? పుస్తకం చెత్తగా వేశారు, బాగా వేయమనండి.

నేను బడి పిల్లల్ని శాలిహుండం తీసుకెళ్లేవాణ్ణి. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు. పైనుంచి చూస్తే కింద నది కనబడుతుంది. చేతిలో కాగితం ఉంటే పిల్లలు రాళ్ల ముందు ఆగి చదువుతారు. ఫోన్ ఇస్తే కాసేపటికి రీల్స్‌లో ఉంటారు. శ్రీముఖలింగమే తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని, గిడుగు రామమూర్తి పంతులుగారు దాని దగ్గరే పర్వతాలపేటలో పుట్టారని, పాత లిపి సొంతంగా నేర్చుకుని ఆ గుడి శాసనాలు చదివారని దారిన పోయేవాడికి ఎవరు చెబుతారు? మ్యాప్‌లో పిన్ను చెబుతుందా?

ప్రెస్సు బాబు:

మాస్టారూ, మీరు చెప్పిన పుస్తకం వేరు, మేము అచ్చేసేది వేరు. ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేస్తున్నాను కాబట్టి లోపలి సంగతి చెబుతా.

ఖర్చులో పెద్ద వాటా మిషను తిరగక ముందే అయిపోతుంది. డిజైను, ప్లేట్లు, మిషను సెట్టింగు. రంగుల పనికి ఒక్కో వైపు నాలుగు ప్లేట్లు. ఆ తర్వాత ఎన్ని కాపీలు వేసినా పెరిగేది కాగితం, ఇంకు, బైండింగే. అందుకని వెయ్యికీ మూడు వేలకీ రేటు అడిగితే మూడు వేలది కాపీకి బాగా చవగ్గా కనబడుతుంది. "అయితే మూడు వేలే వేసేయండి" అంటారు. ఎక్కడ పంచుతారు, ఎవరు పంచుతారు అనేది ఎవరి నోటా రాదు.

కట్టలు తీసుకెళ్లి ఆఫీసులో దించుతాం. మెట్ల కింద పెట్టమంటారు. మరుసటి ఏడు క్యాలెండర్లు దించడానికి వెళ్తే అవే కట్టలు అక్కడే ఉంటాయి. మేం కట్టిన పురికొస ముడి విప్పలేదు, పైన చీపుళ్లు, ఫినాయిల్ డబ్బా. ఆర్ట్ పేపరుకి చెమ్మ తగిలిందంటే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇక విప్పినా చిరుగుతాయి.

ఇంకోటి. ఈ పని మాకు ఎప్పుడొస్తుంది? మార్చిలో. 31లోగా బిల్లు పెట్టకపోతే ఆ డబ్బు వెనక్కి పోతుంది. ప్రూఫు ఒక్క రాత్రిలో దిద్దాలి. అందులో గుడి వేళలు సరిచూసేది ఎవరు? పాత పుస్తకం సాఫ్ట్ కాపీ తెచ్చి, ముందుమాట ఫోటోలు మార్చి ఇస్తారు. ఫోటోలు మాత్రం నాలుగుసార్లు దిద్దిస్తారు.

కోట జంక్షన్:

విజయనగరం నుంచి. మా తమాషా ఇంకో రకం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కదా. రాజాం, వంగర మాకొచ్చాయి. మా పార్వతీపురం, సాలూరు, మీ పాలకొండ, సీతంపేట కలిపి పార్వతీపురం మన్యం జిల్లా అయింది. అంతకుముందు వేసిన పుస్తకాల్లో మ్యాపులన్నీ ఒక్కరోజులో పాతబడ్డాయి. వంగర మండలం సంగాం చూడండి. నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలిసే చోటు, సంగమేశ్వరుడి గుడి. నా దగ్గరున్న పాత శ్రీకాకుళం పుస్తకంలో ఉంది. మా జిల్లా పుస్తకంలో ఇంకా ఎక్కలేదు.

పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. తేదీ ఏటా మారుతుంది. పుస్తకంలో ఒక ఏడాది తేదీ వేసి ఊరుకున్నారు. అది చూసుకుని ఏ హైదరాబాద్ నుంచో టికెట్ బుక్ చేసుకున్నవాడి గతేంటి? బొబ్బిలి వీణకి ఫుల్ పేజీ ఫోటో ఉంది, అవి తయారయ్యేది బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో అన్న మాట లేదు. ఫోటో చూసి ముచ్చటపడి ఊరుకోవాలన్నమాట.

వైజాగ్ టెకీ:

ఇంత చర్చ ఎందుకండీ, ఒక క్యూఆర్ కోడ్ పెడితే సరిపోయె.

కోట జంక్షన్:

పెట్టారు తమ్ముడూ, చివరి అట్ట మీద. స్కాన్ చేస్తే పేజీ తెరుచుకోదు. వెబ్‌సైట్ రెన్యువల్‌కి డబ్బు కట్టలేదు. దానికి ఆవిష్కరణ సభ ఉండదుగా.

పలాస జీడి:

మేం ప్రకటన ఎందుకిస్తామో కూడా తెలుసుకోండి. వ్యాపారం వస్తుందని కాదు. అడగడానికి వచ్చినవాళ్లు రేపు ఏదో పని మీద మనకి ఎదురుపడేవాళ్లే. మొహమాటం. లెక్కల్లో పబ్లిసిటీ అని రాస్తాం, అసలుకి అది వినాయక చవితి చందా లాంటిదే. మా జీడిపప్పు బేరాలు ఫోన్ల మీద, బ్రోకర్ల ద్వారా జరుగుతాయి. చిల్లర అమ్మకం హైవే మీద కారు ఆపేవాళ్ల వల్ల. దానికి రోడ్డు పక్కన ఒక మంచి బోర్డు చాలు.

అన్నట్టు ఉద్దానం పేజీలో కొబ్బరితోటల ఫోటో చూశారా? 2018 తిత్లీ తుపానుకి ముందు తీసింది. ఆ తోటలు పోగొట్టుకున్నవాళ్లకి ఆ పేజీ చూపిస్తే ఏమంటారో.

నాకు ఎక్కువ బాధ వేరే చోట ఉంది. డబ్బు కడితేనే పుస్తకంలో పేరు. పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికి సన్న ఖద్దరు నేస్తారు. బుడితిలో ఇత్తడి పోత పోసేవాళ్లున్నారు. వాళ్లు హాఫ్ పేజీ కొనగలరా? ఊరు వెతుక్కుంటూ వచ్చేవాడికి చూపించాల్సింది వాళ్లని. పుస్తకంలో ఏముంది? "పొందూరు ఖద్దరు జగత్ప్రసిద్ధం" అని ఒక వాక్యం, దాని కింద ఫైనాన్స్ కంపెనీ ప్రకటన. ఎవరి తలుపు తట్టాలో లేదు. కాబట్టి ప్రకటనలతో నడిచే పుస్తకం ఎన్నిసార్లు వేసినా ఇలాగే ఉంటుంది మాస్టారూ, బాగా వేయమని చెప్పినంత మాత్రాన మారదు.

ఇచ్ఛాపురం బస్సు:

అసలు ఇక్కడికి వచ్చే జనం ఎవరు? శివరాత్రికి శ్రీముఖలింగం చక్రతీర్థ స్నానానికి వెళ్లి చూడండి, ఒడిశా నుంచి ఎంతమంది వస్తారో. శ్రీకూర్మంలోనూ అంతే. బరంపురం, పర్లాకిమిడి వైపు వాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. పుస్తకమేమో తెలుగు, ఇంగ్లీషు. ఒక్క పేజీ ఒడియా లేదు. మరి ఇంగ్లీషు ఎవరి కోసం? వేదిక మీద శాలువా కప్పించుకునేవాళ్ల కోసమా?

గార మాస్టారు:

పలాస వారి మాటతో నాకు పేచీ లేదు. అందుకే నేను అడిగేది, ప్రకటనలు తీసేసి ధర పెట్టండి. ఫ్రాన్సులో మిషెలిన్ టైర్ల కంపెనీ 1900లో కార్లున్నవాళ్లకి గైడు ఉచితంగా పంచింది. 1920 నుంచి డబ్బుకి అమ్మింది, ప్రకటనలు మానేసింది. ఇప్పటికీ నడుస్తోంది. ఇరవయ్యో ముప్ఫయ్యో ఇచ్చి కొన్నవాడు చదువుతాడు. ఊరికే ఇచ్చింది బస్సు సీట్లో వదిలేసి దిగిపోతాడు.

నాగావళి ఒడ్డు:

మాస్టారూ, అదే 1966లో బ్రిటన్‌లో మొదలైన యెల్లో పేజెస్ అనే దుకాణాల నంబర్ల పుస్తకం 2019 జనవరితో అచ్చు ఆపేసింది. దుకాణాల నంబర్లకి ఇక పుస్తకం అక్కర్లేదని వాళ్లే ఒప్పుకున్నారు. మీరు చెప్పేది చరిత్ర పుస్తకం. వేయండి, నేనే పది కొంటాను, రిసెప్షన్లో పెట్టి అమ్ముతాను కూడా. కానీ దాన్నీ దుకాణాల ప్రకటనలనీ ఒకే అట్టలో కుట్టేసి, పర్యాటకం పేరు చెప్పి జనం డబ్బు తీయడం మీద నా అభ్యంతరం.

లాడ్జిలో దిగినవాళ్లు నన్ను అడిగేవి గుడి ఎన్నింటికి తీస్తారు, ఎన్నింటికి మూస్తారు, బస్సెక్కడ, మంచి భోజనం ఎక్కడ. ఇంతే. దీనికి ఒక కాగితం చాలు. ఆమదాలవలస స్టేషన్లో ఒక బోర్డు, బస్టాండ్ కాంప్లెక్స్‌లో ఒక బోర్డు, లాడ్జిల్లో ఆ కాగితం. వేళలు మారితే కాగితం మార్చుకుంటాం.

రసీదు పుస్తకం వాళ్లు శనివారం మళ్లీ వస్తామన్నారు. పోయినసారి ఎక్కడెక్కడ ఎన్ని పంచారో జాబితా చూపించమంటాను. చూపిస్తే ఫుల్ పేజీ ఇస్తా. ప్రెస్సు బాబు గారూ, ఏ ఫోర్ కాగితం రెండు వైపులా, మూడు మడతలు, తెలుగూ ఒడియా రెండూ ఉండేలా వేయించాలంటే ఎలా?

ప్రెస్సు బాబు:

ఐదు వందల కాపీలకైతే డిజిటల్ ప్రింటే మేలు, ప్లేట్ల ఖర్చుండదు. మూడు నెలలకోసారి మార్చుకోవచ్చు. ఒడియా కంపోజింగ్ మా దగ్గర లేదు, బరంపురంలో చేయించి పీడీఎఫ్ పంపించండి. ప్రూఫు మాత్రం ఒడియా చదవగలిగినవాళ్లే చూడాలి. ఆర్ట్ పేపరు వద్దు, మెరుపు లేని మ్యాప్‌లితో కాగితం తీసుకోండి. దాని మీద పెన్నుతో రాసుకోవచ్చు, బస్సు నంబరో ఆటోవాడి నంబరో.

ఇచ్ఛాపురం బస్సు:

ఒడియా ప్రూఫు నాకు పంపండి, చూసిపెడతాను.

గార మాస్టారు:

మూడు మడతల్లో శాలిహుండానికి ఎన్ని లైన్లు ఇస్తారో ముందు చెప్పండి. అక్కడా ఆరే అయితే నేను ఒప్పుకోను.