పారా క్రీడాకారులకు డబ్బు పతకం వచ్చాకేనా? ప్రమాదం జరిగిన వెంటనే ఇవ్వాల్సింది కాదా?

గోదారి గట్టు:
పారిస్ పారాలింపిక్స్‌లో మనవాళ్లు 29 పతకాలు తెచ్చారు. స్వర్ణానికి 75 లక్షలు, రజతానికి 50, కాంస్యానికి 30 చొప్పున కేంద్రం ప్రకటించింది. ఒలింపిక్స్ వాళ్లకు ఇచ్చే లెక్కే ఇది, చాలా సంతోషం. నా ప్రశ్న వేరు. ఈ డబ్బు అవసరమైన సమయానికి అందుతోందా?

మానసి జోషి సంగతి చూడండి. 2011 డిసెంబరులో ముంబైలో బండి మీద ఆఫీసుకు వెళ్తుంటే లారీ గుద్దింది. ఎడమకాలు మోకాలి పైనుంచి తీసేశారు. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. 2019 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పారుల్ పర్మార్‌ను 21-12, 21-7తో ఓడించి పారా బ్యాడ్మింటన్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. మన హైదరాబాద్‌లో, గోపీచంద్ అకాడమీలో శిక్షణ తీసుకుని వెళ్లి గెలిచిన స్వర్ణం అది. అదే వారం అదే ఊళ్లో సింధు కూడా ప్రపంచ టైటిల్ కొట్టింది. సింధు గెలుపుకు ఊరంతా పండగ చేసుకున్నాం. మానసి గెలిచిన సంగతి మనలో చాలామందికి ఆ తర్వాతెప్పుడో తెలిసింది. నాకది ఇప్పటికీ బాధే.

ఆ ప్రమాదానికీ ఈ స్వర్ణానికీ మధ్య దాదాపు ఎనిమిదేళ్లున్నాయి. పత్రికలు వాటిని "మొక్కవోని పట్టుదల" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. పట్టుదల ఉంది, ఎవరు కాదంటారు? కానీ తండ్రి భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసిన మనిషి. చిన్నప్పుడు బ్యాడ్మింటన్ నేర్పింది ఆయనే. ఆమె ఇంజనీరింగ్ చదివింది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేది. అదే ప్రమాదం మన పక్క మండలంలో కబడ్డీ ఆడే కూలీల పిల్లకి జరిగితే? ఆ పిల్లకీ అంతే పట్టుదల ఉండొచ్చు. మళ్లీ ఆటదాకా రావాలంటే మధ్యలో రెండు మూడేళ్లు ఎవరు పోషించాలి? క్రీడాశాఖ డబ్బులో కొంత ఆ రోజుల కోసం పక్కన పెట్టాలంటాను.

ఓరుగల్లు శ్రీను:
అన్నా, మీ బాధ అర్థమైంది కానీ ఒప్పుకోను. మరియప్పన్ తంగవేలు సంగతేంటి? తమిళనాడులో సేలం దగ్గర పల్లెటూరు. ఐదేళ్ల వయసులో బస్సు కాలు మీదుగా పోయింది. వాళ్లమ్మ కూరగాయలు అమ్మి పెంచింది. ఏ తోడ్పాటూ లేని ఇంటినుంచి వచ్చి 2016లో రియో పారాలింపిక్స్ హైజంప్‌లో 1.89 మీటర్లు దూకి స్వర్ణం కొట్టాడు. టోక్యోలో రజతం, పారిస్‌లో కాంస్యం. వరసగా మూడు పారాలింపిక్స్‌లో మూడు పతకాలు!

ఇంకో మాట. పతకం అంటే కళ్లముందు కనపడే కొలత. ప్రమాదం జరిగిన వాళ్లలో ఎవరు ఆటగాళ్లవుతారో ముందే ఎవరు చెబుతారు? వైద్యానికి సాయం కావాలంటే ఆరోగ్యశాఖను అడగాలి. క్రీడల డబ్బు ఆటకే పోవాలి.

బెజవాడ ఫిజియో:
వైద్యం ఎక్కడ ఆగుతుంది, ఆట ఎక్కడ మొదలవుతుంది అన్నది ఈ కేసుల్లో అంత తేలిగ్గా విడదీయలేం శ్రీను గారూ. నేను రోజూ చూసే పని ఇది కాబట్టి చెబుతున్నా.

మోకాలి పైన కాలు తీసేసిన మనిషికి మొదటి నెలలే ముఖ్యం. మిగిలిన తొడకు క్రేప్ బ్యాండేజీ పద్ధతిగా చుట్టాలి, లేకపోతే వాపు దిగదు, ఆకారం కుదరదు. నొప్పిగా ఉందని ఇంట్లోవాళ్లు ప్రేమతో తొడ కింద దిండు పెడతారు. అలా వారాల తరబడి ఉంచితే తుంటి కీలు వంగిపోయి బిగుసుకుంటుంది. ఆ తర్వాత ఎంత మంచి కృత్రిమ కాలు తెచ్చినా నిటారుగా నిలబడటం కష్టం. కాలు పెట్టించాక కూడా కండ తగ్గేకొద్దీ సాకెట్, అంటే తొడ ఇమిడే గిన్నెలాంటి భాగం, వదులవుతుంది, మళ్లీ మార్చాలి. మార్చకపోతే ఒరుసుకుని పుండు పడుతుంది. అప్పుడు ప్రాక్టీసు కాదు కదా, నడకే ఆగిపోతుంది.

ఉచితంగా దొరికే జైపూర్ కాలు గొప్ప సాయమే. దానితో పొలం పనికి వెళ్లేవాళ్లున్నారు. కానీ కోర్టులో ఠక్కున పక్కకు తిరగడానికి, వెనక్కి అడుగేసి కొట్టడానికి వేరే రకం మోకాలు, పాదం కావాలి. వాటి ఖరీదు మామూలు ఇంటికి అందేది కాదు. ఆట కోసమే కొనే ఆ కాలు మందుల లెక్కలోకి వస్తుందా, బ్యాటు రాకెట్ల లెక్కలోకి వస్తుందా, మీరే చెప్పండి.

గోదారి గట్టు:
ఫిజియో గారికి దండం. దిండు సంగతి నాకు తెలియదు.

శ్రీనూ, మరియప్పన్ కథ నా వాదననే బలపరుస్తోంది కదా. కొడుకు వైద్యానికి ఆ తల్లి చేసిన మూడు లక్షల అప్పు రియో నాటికీ తీరలేదని అప్పట్లో అన్ని పేపర్లలో వచ్చింది. స్వర్ణం వచ్చాక తమిళనాడు ప్రభుత్వం రెండు కోట్లు ప్రకటించింది. అందులో చిన్న ముక్క ముందే అంది ఉంటే ఆ తల్లికి అన్నేళ్ల టెన్షన్ తప్పేది. అతను ఎగిరి దూకాడు కాబట్టి మనకు తెలిసింది. దూకే అవకాశమే రాని పిల్లల పేర్లు మన దగ్గర లేవు.

పతకం కొలత అన్నావు, అదీ చూద్దాం. మానసిది ఎస్‌ఎల్3 విభాగం, అంటే కాళ్ల లోపం ఎక్కువగా ఉండి నిలబడి ఆడేవాళ్లది. అందులో సింగిల్స్ సగం కోర్టులో ఆడతారు. టోక్యో పారాలింపిక్స్‌లో మహిళల ఎస్‌ఎల్3 సింగిల్స్ పెట్టనేలేదు. అంటే ప్రపంచ ఛాంపియన్‌కి తన సొంత సింగిల్సే అక్కడ లేదు! పారుల్ పర్మార్ అయితే ఎస్‌ఎల్4లో దిగి, ఫుల్ కోర్టులో, తనకన్నా బాగా కదలగలిగే వాళ్లతో ఆడాల్సి వచ్చింది. మహిళల ఎస్‌ఎల్3 సింగిల్స్ పారిస్‌లో గానీ రాలేదు. ఎక్కడో కమిటీ ఏ ఈవెంట్ పెడుతుందో దాన్నిబట్టి మన ఆటగాళ్ల బతుకు తేలాలా?

ఓరుగల్లు శ్రీను:
టోక్యో విషయం అన్యాయమే, ఒప్పుకుంటా. ఆటకోసం కొనే కాలు క్రీడాశాఖే కొనివ్వాలన్నదీ ఒప్పుకుంటా. కానీ ముందుగానే డబ్బు అంటే నాకు భయం. ఎవరికివ్వాలో ఎవరు తేలుస్తారు? మా జిల్లాలో మామూలు సెలెక్షన్లకే సిఫారసులు నడుస్తాయి. ప్రమాదానికి ముందు కనీసం జిల్లా స్థాయిలో ఆడినట్టు సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే అని నియమం పెడితే సరే.

బెజవాడ ఫిజియో:
ఆ నియమం పెడితే షూటర్ అవని లేఖరా బయటే ఉండిపోయేది. 11 ఏళ్లప్పుడు కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతింది. రైఫిల్ పట్టుకుంది ఆ తర్వాతే. టోక్యోలో, పారిస్‌లో రెండుసార్లూ స్వర్ణం ఆమెదే. సర్టిఫికెట్ కన్నా, ఆరు నెలలు ఫిజియోథెరపీకి క్రమం తప్పకుండా వచ్చారా అన్నది చూడమంటాను. ఆ హాజరు ఆస్పత్రి పుస్తకంలో చూసుకోవచ్చు.