5 లక్షల పాలసీ ఉన్నా 36,000 కోశారు, హాస్పిటలే ఇన్సూరెన్స్ ఇస్తే ఈ గోల ఉండదు కదా?

గుత్తిరోడ్డు_అనంత: పొద్దున పదకొండుకు డిశ్చార్జ్ అన్నారు, ఇప్పుడు నాలుగున్నర. మా నాయనకు హెర్నియా ఆపరేషన్, క్యాన్యులా పీకేసి దూది అంటించారు, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కౌంటర్‌లో అడిగితే టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్ చూసే ఏజెన్సీ) అంటారు, టీపీఏ వాడు హాస్పిటల్ అంటాడు. చివరికి 1,10,000 బిల్లుకు 74,000 వచ్చింది. ఎందుకో చెప్పండప్పా.

కడప_కారం: రూమ్ ఏది?

బుక్కపట్నం_మాస్టారు: తమ్ముడూ, హాస్పిటల్‌కు ఎన్ని టెస్టులు రాస్తే అంత రాబడి, కంపెనీకి ఎంత కోస్తే అంత మిగులు, మధ్యలో నలిగేది నువ్వు. అమెరికాలో కైసర్ పర్మనెంటేలో వైద్యం, ఇన్సూరెన్స్ ఒకే గొడుగు కింద, 1945 నుంచి కైసర్ కార్మికులకే కాక బయటి జనానికీ. చందా ముందే కడతారు, డాక్టర్లకు జీతం, అనవసరంగా స్కాన్ తీస్తే నష్టం వాళ్లకే. ఇక్కడ నారాయణ హెల్త్ ఆసుపత్రుల వాళ్లు కూడా 2024లో సొంత ఇన్సూరెన్స్ మొదలుపెట్టారు.

ఆదోని_నాగ: అవసరమైన స్కాన్ కూడా ఎగ్గొడితే? పెళ్లి వంట గుత్తకిస్తే పప్పులో నెయ్యి ఏమైతుందో తెలియదా సార్?

బుక్కపట్నం_మాస్టారు: ఈఎస్ఐ, అదే ఎంప్లాయీస్ స్టేట్ ఇన్సూరెన్స్, ఏంది మరి? 1948 చట్టం. జీతంలో మనది 0.75 శాతం, యజమానిది 3.25, ఆసుపత్రులూ వాళ్లవే.

ఆదోని_నాగ: అది గవర్నమెంట్ స్కీమ్, ఇన్సూరెన్స్ కాదు.

బుక్కపట్నం_మాస్టారు: పేరులోనే ఇన్సూరెన్స్ ఉంది నాయనా! నువ్వు చెప్పేది ఆరోగ్యశ్రీకి సరిపోతుంది. అక్కడ ప్రభుత్వం ప్యాకేజీ రేటు కడుతుంది, ప్రైవేటు వాళ్లూ చేస్తారు.

కడప_కారం: రూమ్ ఏదని అడిగా.

గుత్తిరోడ్డు_అనంత: డీలక్స్, రోజుకు 5,000. పాలసీలో 3,000 వరకే. మూడు రోజుల తేడా 6,000 నేనే కడతానన్నా కదా!

కడప_కారం: అదే చెప్పాల్సింది. లిమిట్ దాటితే సర్జన్ ఫీజు, ఓటీ (ఆపరేషన్ థియేటర్), నర్సింగ్ కూడా అదే లెక్కన కోస్తారు, అంటే 5,000లో 2,000 ఎక్కువ కాబట్టి నీకు 40 శాతం. మందులు, టెస్టులు, ఇంప్లాంట్ మీద కోయకూడదు. విడి బిల్లు చూడు.

గుత్తిరోడ్డు_అనంత: రూమ్ 15,000, సర్జన్ ఓటీ నర్సింగ్ కలిపి 60,000, మెష్ (హెర్నియాకు లోపల వేసే వల) 15,000, మందులు టెస్టులు 20,000.

కడప_కారం: 75,000 మీద 30,000. ఇంకో 6,000 మెష్ మీద కోసినట్టుంది, మెష్ ఇంప్లాంటే కదా. కంపెనీకి మెయిల్ పెట్టు. డిశ్చార్జ్ రిక్వెస్ట్ అందిన 3 గంటల్లో అప్రూవల్ ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ) రూలు, ఆ టైమ్ కూడా రాయి.

బుక్కపట్నం_మాస్టారు: 1973లో అమెరికాలో హెచ్ఎంఓ (చందా ముందే కట్టించుకుని వైద్యం చూసే సంస్థ) చట్టం ఎందుకు తెచ్చారంటే...

గుత్తిరోడ్డు_అనంత: నాయనకు ఆకలైతాందంట. కట్టేసి పోతున్నా, మెయిల్ రాత్రికి పెడతా. థ్యాంక్స్ అన్నా.

ఆదోని_నాగ: మాస్టారూ, ఈఎస్ఐ సంగతి ఇంకా తేలలేదు.