అప్‌డేట్: లైట్ గన్ బాగానే ఉంది, తేడా అంతా టీవీలోనే

మొన్న అడిగా కదా, అటక మీంచి దించిన మా అన్నయ్య పాత వీడియో గేమ్‌ని ఎల్ఈడీ టీవీకి పెడితే డక్ హంట్‌లో (టీవీలో ఎగిరే బాతుల్ని లైట్ గన్‌తో గురిపెట్టి కొట్టే ఆట) ఒక్క బాతు కూడా పడట్లేదు, గన్ పోయిందా అని. గన్ పోలేదండీ! విప్పి చూశా, ముందు చిన్న లెన్స్, దాని వెనక సెన్సర్, అంతే. అది వెలుతురు పంపదు, చూస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ నల్లగా అయ్యి, వెంటనే బాతు ఉన్నచోట తెల్ల డబ్బా వస్తుంది, సెకనులో 50వ వంతో 60వ వంతో ఉంటుందంతే, ఆ తెలుపు గన్‌కి సరిగ్గా ఆ టైంకే కనపడాలి, కొత్త టీవీలేమో బొమ్మని ప్రాసెస్ చేసి కొంచెం లేటుగా చూపిస్తాయి, ఈలోపు గేమ్ మిస్ కింద రాసేసుకుంటుంది.

అలా లేటు చెయ్యని పాతకాలం డబ్బా టీవీతో ట్రై చెయ్యమన్నవాళ్లకి చాలా థాంక్స్. ఆదివారం ఎర్రగడ్డ సంతలో 14 అంగుళాలది దొరికింది, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చా. ఆన్ చేయగానే ఆ సన్నటి కీచు సౌండ్, గ్లాస్ మీద చెయ్యి పెడితే చిటపటలు... మొదటి షాట్‌కే బాతు పడింది! అన్నయ్యకి వీడియో కాల్ చేసి చూపించా, కాసేపు మాట్లాడలేదు పాపం, సంక్రాంతికి వస్తా, గన్ ఎవరికీ ఇవ్వకు అన్నాడు.